తన గాయమును తానే మాన్పుకొను పూత

ఇనుము మనకు చేయుచున్న సేవకు లెక్క లేదు. ఆ ఇనుమును తుప్పునుండి కాపాడుకొనుటకు మానవజాతి పడిన పాట్లకును లెక్క లేదు. నాగటికఱ్ఱు మొదలు రైలుపట్టా వరకు, బావిగిలక మొదలు మహానౌక వరకు ఇనుము లేక జరుగు పని అరుదు. గనిలో నున్నపుడు ఇనుము ప్రాణవాయువుతో కలిసి ఎఱ్ఱరాయిగా నుండును. కొలిమిలో బొగ్గు ఆ ప్రాణవాయువును లాగివేయగా అది లోహముగా బయటపడును. గాలియు తేమయు తగిలినంతనే తిరిగి ప్రాణవాయువుతో కలిసి ఎఱ్ఱమన్నగుటకే అది ప్రయత్నించును. తుప్పుపట్టుట యనగా ఇనుము తన పుట్టింటికి మరలిపోవుటయే.

ఈ తిరుగుప్రయాణము నాపుటకు మనుష్యుడు కనుగొన్న ఉపాయములలో పూత మిక్కిలి ప్రాచీనమైనది. ఇత్తడిగిన్నెకు తగరపు కళాయి, కిటికీ ఊచలకు రంగు, వంతెన దూలములకు ఎఱ్ఱసీసపు పూత మనమందర మెఱిగినవే. కాని ఎంత మంచి పూతకైనను ఒక లోపము కలదు. దానిపై ఒక్క గీటు పడిన చాలును, ఆ సందున నీరు చేరి తుప్పు మొలచును. పిదప పూత క్రిందుగా ప్రాకి, పైకి కనబడకుండ లోహమును తినివేయును. మన చర్మము కోసికొనిపోయినచో కొలది దినములలో మానును. వేపచెట్టు బెరడు చెక్కినచో జిగురు కారి ఆ గంటిని మూసివేయును. ఇనుముపై పూతకు మాత్రము ఆ శక్తి ఏల ఉండరాదు?

ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు సుమారు రెండు శతాబ్దములనుండి సమాధానములు చెప్పుచునే యున్నారు. దాని వెంట అంతకంటె కఠినమైన మరియొక ప్రశ్న కలదు. ఒక పూత తన గాయమును తాను మాన్పుకొన్నదని మన మెట్లు నిశ్చయింపగలము? మంచి పూతను చేయుట యొక విద్య. దానిని నిజాయితీగా పరీక్షించుట మరియొక విద్య. ఈ రెండవ విద్య చరిత్రనే ఇచట ముఖ్యముగా చెప్పదలచితిమి.

ఈ చరిత్రలో మొదటి పాఠము ఓడరేవులలో లభించినది. 18వ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి బ్రిటిషు నౌకాదళము తన కొయ్య ఓడల అడుగుభాగములకు రాగిరేకులు తొడిగించుచుండెను. కొయ్యను తొలుచు పురుగునుండియు, అడుగున పెరుగు నాచు గుల్లలనుండియు అవి ఓడను కాపాడుచుండెను. కాని ఉప్పునీటిలో రాగియే క్రమముగా కరిగిపోవుచుండెను. ఈ నష్టమునకు ఉపాయము చెప్పుమని ప్రభుత్వము ఆనాటి రాయల్ సొసైటీ అధ్యక్షుడగు సర్ హంఫ్రీ డేవీని కోరెను. 1824లో ఆయన తన సమాధానమును ప్రకటించెను. రాగిరేకునకు చిన్న జింకుముక్కనుగాని, ఇనుపముక్కనుగాని తగిలించినచో ఆ ముక్క తాను కరిగిపోవుచు రాగిని కరగనీయదు. ప్రయోగశాలలోని ఉప్పునీటి తొట్టెలో ఈ ఉపాయము చక్కగా నెరవేరెను. రాగి చెక్కుచెదరలేదు.

ఓడలు సముద్రమున నడచిన పిదప సంగతి వేరుగా తేలెను. రాగి కరగకుండుట నిజమే. కాని కరగని రాగిపై నాచును గుల్లలును దట్టముగా పెరిగెను. ఓడల వేగము తగ్గిపోయెను. కొలదికాలములోనే నౌకాదళము సముద్రయానము చేయు ఓడలనుండి ఆ ముక్కలను తీయించివేసెను. రాగి కొంచెము కొంచెముగా కరిగి నీటిలో కలియుటయే ఆ ప్రాణులను దూరముగా నుంచుచుండెనను సత్యము అప్పుడు తెలియవచ్చెను. డేవీ సిద్ధాంతములో దోషము లేదు. తొట్టెలో ఉప్పు ఉండెను, నీరు ఉండెను; సముద్రములోని జీవములు మాత్రము లేకుండెను. పరీక్ష ఏ ప్రశ్న నడిగినదో ఆ ప్రశ్నకే సమాధానము వచ్చును. అడుగని ప్రశ్నకు రాదు. తరువాతి చరిత్ర యంతయు ఈ యొక్క వాక్యమునకు వ్యాఖ్యానమే.

డేవీ చూపిన మార్గమే భూమిమీద మిక్కిలి ఫలించెను. 1837లో స్టానిస్లాస్ సోరెల్ అను ఫ్రెంచి ఇంజనీరు, కరగిన జింకులో ముంచి ఇనుమునకు పూత వేయు పద్ధతికి పేటెంటు పొందెను. మన ఇండ్ల కప్పులపై వేయు జింకురేకులు ఆ సంతతిలోనివే. ఈ రేకుపై మేకుతో గీచి లోని ఇనుమును బయటపెట్టినను అది వెంటనే తుప్పుపట్టదు. గీటుకు ఇరువైపుల నున్న జింకు తాను కరుగుచు ఇనుమును కాచును. రంగుపూతకును జింకుపూతకును గల భేద మిదియే. రంగు కోటగోడ వంటిది. పగిలిన తావున శత్రువు ప్రవేశించును. జింకు అంగరక్షకుని వంటిది. తన ప్రాణము నిచ్చియైనను ప్రభువును కాపాడును. అయినను ఇది గాయము నోర్చుకొనుటయే కాని, మాన్పుకొనుట కాదు.

మానుట యనెడి గుణము మొదట కనబడినది పూతలో కాదు, లోహములోనే. 1836లో స్విట్జర్లండులోని బాసెల్ నగరమున నున్న షోన్‌బైన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఒక వింతను గూర్చి లండనులోని మైకేల్ ఫారడేకు లేఖ వ్రాసెను. పలుచని నత్రికామ్లము ఇనుమును పొంగుచు తినివేయును. గాఢమైన నత్రికామ్లములో ముంచిన ఇనుమో చెక్కుచెదరదు. అంతే కాదు, అట్లు ముంచి తీసిన ఇనుము తరువాత పలుచని ఆమ్లములో కూడ నిశ్చలముగా నుండును. దానిని గీచినచో మాత్రము ఒక్కసారిగా చర్య మరల ప్రారంభమగును. కంటికి కనబడనంత పలుచని ప్రాణవాయు సంబంధమైన పొర ఏదో లోహమును కప్పియున్నదని ఫారడే ఊహించెను. ఆ ఊహపై సుమారు 90 సంవత్సరములు వాదములు నడచినవి. కేంబ్రిడ్జిలో యూలిక్ రిచర్డ్‌సన్ ఇవాన్స్ 1927లో ఆ పొరను లోహమునుండి విడదీసి చూపెను.

ఈ లోగా 1913లో షెఫీల్డు నగరమున హ్యారీ బ్రేర్లీ క్రోమియము కలిసిన ఉక్కును పోతపోసెను. మన వంటయింటి స్టెయిన్‌లెస్ స్టీలు ఆ జాతిలోనిదే. దానిలోని క్రోమియము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి అత్యంత సూక్ష్మమైన పొరను కట్టును. ప్రతిదినము పీచుతో ఎంత తోమినను ఆ గిన్నె తుప్పుపట్టకుండుటకు కారణము, గీటు పడిన చోట ఆ పొర వెంటనే మరల పుట్టుటయే. పాత వాల్వు రేడియోలలో గుండ్రని డబ్బావంటి ఎలక్ట్రొలైటిక్ కండెన్సరు ఉండెడిది. అందులోని అల్యూమినియము రేకుపై ఇట్టి పొరయే పనిచేయును. ఎచటనైన ఆ పొర చెడినచో, లోనున్న ద్రావకమును, విద్యుత్తును కలిసి దానిని అచటనే మరల కట్టును. గాయము మాన్పుకొను పూత శ్రోతల యింట చిరకాలముగా పాటలు వినిపించుచునే యుండెనన్నమాట.

మన దేశమునందు ఈ విషయమున ఒక గొప్ప సాక్షి కలదు. అది ఢిల్లీలోని మెహ్రౌలీయందలి ఇనుప స్తంభము. గుప్తుల కాలమునాటి ఈ స్తంభము సుమారు 7 మీటర్ల ఎత్తు, 6 టన్నులకు మించిన బరువు కలిగి, 1600 సంవత్సరములుగా ఎండవానలకు నిలిచియున్నది. దాని ఇనుములో భాస్వరము ఎక్కువ. కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యుడైన ఆర్. బాలసుబ్రహ్మణ్యం 2000లో ప్రకటించిన పరిశోధనలో, ఆ భాస్వరము మూలమున ఉపరితలముపై ఇనుప ఫాస్ఫేటుతో కూడిన రక్షణపొర ఏర్పడినదని వివరించెను. తడియును పొడియును మార్చి మార్చి వచ్చుటచే ఆ పొర గట్టిపడినది. కాని ఆ స్తంభమే భూమిలో పాతిన భాగమున తుప్పు పట్టినది. అదే ఇనుము, అదే భాస్వరము. చోటు మారినంతనే ఫలము మారినది. పొర ఎట్టిదని అడిగిన చాలదు. ఎచట, ఎట్టి తడిలో అని కూడ అడుగవలెను.

అయితే ఒక రంగుడబ్బాను అమ్మువాడు 1600 సంవత్సరములు వేచియుండలేడు. కాలమును కుదించుటకు ఉపాయము కావలసివచ్చెను. 1914లో అమెరికాలో జె. ఏ. క్యాప్ అను నతడు ఉప్పునీటి తుంపరల పరీక్షను ప్రతిపాదించెను. 1939లో ఏ.ఎస్.టి.ఎం. అను అమెరికా ప్రమాణసంస్థ దీనిని బి-117 అను పేర నియమబద్ధము గావించెను. ఈనాడు దాని విధానము స్థూలముగా నిట్లుండును. మూసిన పెట్టెలో వేడిమిని 35 డిగ్రీల సెంటిగ్రేడున నిలిపి, నూటికి 5 పాళ్ల ఉప్పు కలిపిన నీటిని పొగమంచువలె నిరంతరముగా చిమ్ముదురు. పూత పూసిన ఉక్కుపలకలను అందులో ఏటవాలుగా నిలుపుదురు. ఎన్ని గంటలకు తుప్పు కనబడునో లెక్కింతురు.

రంగుపూతల పరీక్షలో ఇంకొక ఆచారము ముఖ్యమైనది. పలకను పెట్టెలో నుంచుటకు ముందే వాడిమొనతో లోహము బయటపడునంతవరకు దానిపై గీత గీయుదురు. మంచి పూతను చేతులార గాయపరచుట చూపరులకు వింతగా తోచును. కాని యోచించినచో ఇందలి న్యాయము తెలియును. నిజజీవితమున ఏ పూతయు గాయము లేక యుండదు. వంతెనకు రాయి తగులును, ఓడకు లంగరు గొలుసు రాచుకొనును, మోటారుబండికి కంకర ఎగిరి తగులును. అక్షతముగా నున్నపుడు అన్ని పూతలు మంచివే. గాయపడిన పిదప తుప్పు గీతకు ఇరువైపుల ఎన్ని మిల్లీమీటర్లు ప్రాకినదను లెక్కయే వాటి గుణమును తేల్చును.

ఈ పెట్టె ప్రపంచమంతట వ్యాపించెను. గంటల లెక్కను అమ్మువాడును కొనువాడును గ్రహింపగలిగిరి. కాని అది కూడ డేవీ తొట్టెవలె అడిగినదానికే సమాధానము చెప్పెను. జింకుపూత ఈ పెట్టెలో త్వరగా ఓడిపోవును. ఆరుబయట దీర్ఘకాలము నిలుచును. కారణమేమన, బయట వాన వెలిసి ఎండ కాయునపుడు జింకు గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి రక్షణనిచ్చు పొర కట్టుకొనును. విరామము లేక ఉప్పునీరు కురియు పెట్టెలో దానికి ఆ అవకాశము లేదు. రోగికి కోలుకొనుటకు ఒక్క క్షణమైన నీయక, కోలుకొను శక్తి లేదని తీర్పు చెప్పినట్లయినది. అందుచేత తరువాతి కాలమున తడి, పొడి, వేడి, చల్లదనము చక్రమువలె మారుచుండు పరీక్షలు వాడుకలోనికి వచ్చినవి. సముద్రతీరమున పలకలను నిలిపి సంవత్సరముల తరబడి చూచు క్షేత్రములును వెలసినవి. అమెరికాలోని ఉత్తర కరోలినాలో క్యూరె బీచి క్షేత్రము 1935లో ఆరంభమైనది. అచట సముద్రమునుండి సుమారు 25 మీటర్ల దూరమునను, 250 మీటర్ల దూరమునను రెండు స్థలములు కలవు. ఒకే ఉక్కు మొదటి స్థలమున చాల త్వరగాను, రెండవ స్థలమున మెల్లగాను క్షయించుటను అచట చూచిరి. కొన్ని వందల అడుగుల దూరమే తీర్పును మార్చుచున్నది.

ఇక నిజముగా గాయము మాన్పు పూతగా పేరుగాంచిన క్రోమేటు కథకు వత్తము. 20వ శతాబ్దపు ప్రథమార్ధమున అల్యూమినియము, జింకు లోహములను క్రోమేటు ద్రావకములలో ముంచి పలుచని రక్షణపొర కల్పించు పద్ధతులు పుట్టినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున విమానభాగములకు పూసిన ఆకుపచ్చచాయ గల పసుపురంగు జింకు క్రోమేటుదే. ఈ పూతపై గీటు పడినచో, పూతలో నిలువయున్న క్రోమేటులో కొంత తేమలో కరిగి గీటులోనికి ప్రవహించును. అచట బయటపడిన లోహమును తాకి కరగని పొరగా మారి గాయమును కప్పును. తోటమాలి లేకయే చెట్టు జిగురు కారినట్లు పూత తన మందును తానే రాచుకొనును.

ఇది కేవలము నమ్మకముగా మిగులక ఋజువైన విధము ముచ్చటైనది. 1998లో అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక కృత్రిమ గాయమును కల్పించిరి. విమానములలో వాడు అల్యూమినియము మిశ్రలోహపు ముక్కలను రెండు తీసికొనిరి. ఒకదానిపై క్రోమేటు పూత కలదు; రెండవది నగ్నముగా నున్నది. రెంటిని ఎదురెదురుగా ఉంచి నడుమ సన్నని సందు విడిచి, ఆ సందును ఉప్పునీటితో నింపిరి. కొంతకాలమునకు మొదటి ముక్కలోని క్రోమేటు నీటిని దాటి రెండవ ముక్కను చేరి, దానిని క్షయమునుండి కాపాడెను. క్రోమేటు వలసపోయిన సంగతిని వారు కనిపెట్టినది రామన్ వర్ణపటముచేత. బాల్యమున విశాఖపట్టణమున చదివిన సర్ సి. వి. రామన్ 1928లో కనుగొన్న కాంతిధర్మము, 70 సంవత్సరముల పిదప ఒక లోహగాయపు సందులో సాక్ష్యము పలికినది.

ఇంతటి మందులోను విషము కలదు. క్రోమేటులోని క్రోమియమును రసాయనశాస్త్రజ్ఞులు షట్సంయోజక క్రోమియమందురు. గ్లాస్గో నగర వైద్యుడు విలియం క్యుమిన్ 1827లోనే ఈ ద్రావకములతో పనిచేయు కార్మికుల చేతులపై లోతైన పుండ్లు పడుటను వర్ణించెను. ముక్కులోని నడిమి గోడకు రంధ్రము పడుట, ఊపిరితిత్తులకు పుట్టకురుపు వచ్చుట తరువాత బయల్పడినవి. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 1990లో షట్సంయోజక క్రోమియమును మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి తరగతిలో చేర్చెను. 2006 జూలై 1వ తేదీ నుండి ఐరోపా సంఘము రేడియో, టెలివిజను మొదలగు విద్యుత్పరికరములలో దాని వాడుకను కట్టుదిట్టము చేసెను. విమానపరిశ్రమలో మాత్రము అది నేటికిని పూర్తిగా తొలగలేదు. తొలగింపకుండుటకు చెప్పు కారణము ఒక్కటే: గాయము మాన్పుటలో దానికి సాటివచ్చునది మరొకటి ఉన్నదని నమ్మకముగా పరీక్షించి చూపవలెను. లోహపు గాయమును మాన్పు పూత మనుష్యుని చేతికి గాయము చేయుచున్నది. కావున పరీక్షయను విషయము పండితుల వినోదము గాదు. పరీక్ష సరిగా లేనిచో విమానము ప్రమాదములో పడును. పరీక్షపై నమ్మకము కుదరనిచో కార్మికుని ఊపిరి ప్రమాదములో పడును.

క్రోమేటునకు బదులు వెదకు ప్రయత్నములలో రెండు మార్గములు పేర్కొనదగినవి. మొదటిది గుళికల మార్గము. 2001లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున స్కాట్ వైట్, ఆయన సహచరులు ఒక ప్లాస్టికు పదార్థములో ద్రవముతో నిండిన సూక్ష్మమైన గుళికలను చల్లిరి. పదార్థము పగిలినచో గుళికలును పగిలి, ద్రవము కారి, అచట నున్న మరియొక పదార్థముతో కలిసి గట్టిపడి పగులును అతికించెను. 2009లో ఆ విశ్వవిద్యాలయమువారే ఈ ఉపాయమును ఉక్కుపై పూతకు వర్తింపజేసిరి. సాధారణపు పూత గల పలకలను, గుళికల పూత గల పలకలను ఒకే విధముగా గీచి, నూటికి 5 పాళ్ల ఉప్పునీటిలో ముంచిరి. సాధారణపు పలకలు 24 గంటలలోనే తుప్పుపట్టెను. గుళికల పలకలపై 120 గంటల పిదప కూడ కంటికి తుప్పు కనబడలేదు.

రెండవది గాయమును మూయక, అచట క్షయమును ఆపు మందును అందించు మార్గము. 2006లో జర్మనీయందలి పోట్స్‌డామ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థవారు, పోర్చుగల్‌లోని అవేరో విశ్వవిద్యాలయమువారు కలిసి దీనిని చూపిరి. సుమారు 70 నానోమీటర్ల సిలికా రేణువుల చుట్టు పొరలుపొరలుగా తెర కట్టి, ఆ పొరల నడుమ బెంజోట్రయజోల్ అను క్షయనిరోధకమును నిలువచేసిరి. లోహము క్షయించునపుడు ఒకచోట ఆమ్లగుణమును, మరియొకచోట క్షారగుణమును ఎక్కువగును. ఆ మార్పు తగిలినపుడే తెర సడలి మందు బయటపడును. దొంగ తలుపు త్రోసిన చప్పుడుకే కావలివాడు మేల్కొనునట్లు ఇచట క్షయమే తన విరోధిని పిలుచుకొనును.

ఇట్టి పూతలను ఉప్పునీటి పెట్టె యొక్కటే పరీక్షింపజాలదు. పెట్టెలో తుప్పు ఆలస్యముగా కనబడినచో, గాయము మానినదో, లేక పూత మందముగా నుండుటచే ఆలసించినదో తెలియదు. అందుకై గాయమును సజీవముగా చూచు పరికరములు వచ్చినవి. వానిలో మొదటిది మన రేడియో విద్యకు చుట్టము. విద్యుత్ప్రవాహమున కెదురగు మొత్తపు అడ్డునకు ఆలివర్ హెవిసైడ్ 1886లో ఇంపీడెన్సు అని పేరుపెట్టెను. ఉప్పునీటిలోని పూతగుండ వివిధ పౌనఃపున్యముల విద్యుత్తును పంపి ఆ అడ్డును కొలుతురు. గీటు పడినపుడు అడ్డు ఒక్కసారి తగ్గును. పూత కోలుకొన్నచో అడ్డు క్రమముగా మరల పెరుగును. ఆ పెరుగుదలయే మానుటకు తొలి గుర్తు.

రెండవది కంపించు సూక్ష్మాగ్రము. జీవకణముల చుట్టు ప్రవహించు అతిస్వల్పమైన విద్యుత్తును కొలుచుటకై లయొనెల్ జాఫే, రిచర్డ్ న్యుచిటెల్లి 1974లో ఇట్టి సాధనమును ప్రకటించిరి. పిమ్మట లోహశాస్త్రజ్ఞులు ఇదే తత్త్వమును చేపట్టిరి. గీటుపైని ఉప్పునీటిలో సూదిమొన వంటి అగ్రమును కంపింపజేయుచు నడిపినచో, లోహము ఎచట ఎంత కరుగుచున్నదో పటమువలె తేలును. పటములో ఆ ప్రవాహము మొదట పెరిగి, పిదప అణగినచో మందు పనిచేసినదని అర్థము. జీవుల నాడి చూచుటకు పుట్టిన సాధనము లోహపు గాయమునకు నాడి చూచుట ఎంత సహజముగా నున్నది! మూడవది లార్డ్ కెల్విన్ 1898లో వర్ణించిన తత్త్వముపై నడచు శలాక. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ పరిశోధకులు 1980ల చివర దీనిని లోహక్షయ పరిశోధనకు మలచిరి. పూతను తాకకయే, దాని క్రింద జరుగు విద్యున్మార్పును అది తెలుపును.

ఇన్ని సాధనములు చేరిన పిదప మానుట యను మాటకే రెండర్థములు కలవని స్పష్టమైనది. గీటు పూడుకొనుట ఒకటి. పూడినను పూడకున్నను లోహము కరుగుట ఆగుట రెండవది. గుళికల పూత మొదటిదానిని, క్రోమేటు రెండవదానిని చేయును. అంతే కాక, ఒకసారి పగిలిన గుళిక మరల నిండదు. అదే చోట రెండవ గీటు పడినచో మందు లేదు. గీటు వెడల్పైనచో ఉన్న ద్రవము చాలదు. డబ్బాలోను గోడపైనను సంవత్సరములు గడచిన పిమ్మట గుళికలలో ఎంత సత్త్వము మిగులునో అదియు చూడవలెను. నిన్న పూసి నేడు గీచిన పలక ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పలేదు.

మన దేశము ఈ కృషిలో వెనుకబడి లేదు. తమిళనాడులోని కారైకుడిలో కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనసంస్థకు 1948లో పునాది పడెను. 1953 జనవరిలో అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ దానిని ప్రారంభించిరి. రామేశ్వరము దారిలో సముద్రపుగాలి వీచు మండపమున ఆ సంస్థ లోహములను బహిరంగముగా నిలిపి పరీక్షించినది. హైదరాబాదు సమీపమున బాలాపూరులోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనకేంద్రము సూక్ష్మమైన మట్టిగొట్టములలో క్షయనిరోధకములను నింపి అల్యూమినియము, మెగ్నీషియము మిశ్రలోహములకు పూతలు సిద్ధము చేయుచున్నది. ఆ మట్టిగొట్టములు హాలోయసైట్ అను సహజఖనిజము. క్రోమేటు లేకయే గాయము మాన్పుట వారి లక్ష్యము. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు పొడవైన సముద్రతీరము గల తెలుగుదేశమునకు ఈ కృషి పరాయిది కాదు. కడలి యొడ్డున కాపురముండు ప్రతి గృహస్థునకు కిటికీ ఊచలు ఎంత త్వరగా పొలుసులూడునో అనుభవమే కదా.

ఇక ముందు దుకాణములలో తన గాయమును తానే మాన్పుకొను రంగు అను ప్రకటనలు మనకు విరివిగా కనబడవచ్చును. వానిని తృణీకరింప నక్కర లేదు. వెంటనే నమ్మను నక్కర లేదు. డేవీ తొట్టె మొదలు నేటి సూదిమొన వరకు గడచిన చరిత్ర మనకు కొన్ని ప్రశ్నలు నేర్పినది. గీటు ఎంత లోతు, ఎంత వెడల్పు? ఒకే చోట ఎన్నిసార్లు? పూసిన ఎన్నాళ్లకు? విరామము లేని ఉప్పునీటిలోనా, ఎండవానలలోనా? ప్రక్కన పోల్చిచూచిన పూత ఏది? దానిని తయారుచేసిన చేతులకు హాని లేదు గదా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగలిగిన పూతయే మన ఇనుమును కాపాడును. గాయపడకుండుట ఏ వస్తువునకును సాధ్యము కాదు. గాయపడిన పిమ్మట ఏమి చేయునదియే దాని విలువ. ఆ విలువను ఉన్నదున్నట్లు చూపుటయే పరీక్షయొక్క విలువ.